నగరానికి ఎండ అమ్ముదాం, భూమిని కాదు

జూబ్లీహిల్స్‌లో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లు ఆ కొండల్లో పుట్టినవి కావు. నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీళ్లు, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి, పెద్ద పెద్ద మోటార్లు ఎత్తిపోస్తే హైదరాబాద్ చేరుతున్నాయి. నీళ్లు మన నదులవి. మోటార్లు తిప్పే కరెంటు బిల్లు మాత్రం నగర ప్రజల నెత్తిన పడుతోంది. ఆ కరెంటును మన ఊళ్లలోని ఎండ నుంచే ఎందుకు తీయకూడదు? ఈ నెల మనం చర్చించాల్సిన ప్రశ్న ఇదే.

ఇది గాలిలో మేడ కాదు. ఇండోర్ నగరపాలక సంస్థ 2023 ఫిబ్రవరిలో హరిత బాండ్లు అమ్మి 244 కోట్ల రూపాయలు సమీకరించింది. మామూలు జనం కూడా ఆ బాండ్లు కొన్నారు. జలూద్ దగ్గర నర్మదా నీటిని ఎత్తిపోసే పంపుల కోసం 60 మెగావాట్ల సోలార్ ప్లాంటుకు ఆ డబ్బు కేటాయించారు. హైదరాబాద్‌కు బాండ్లు కొత్త కాదు. 2018 ఫిబ్రవరిలో జీహెచ్ఎంసీ 8.90 శాతం వడ్డీకి 200 కోట్లు తెచ్చింది, రోడ్లకూ ఫ్లైఓవర్లకూ. సోలార్ కూడా కొత్త కాదు. ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారికి 2023లో 16 మెగావాట్ల సోలార్ కప్పు వేశారు. సైకిల్ తొక్కేవాళ్లకు నీడ దొరికింది, బాగుంది. నీళ్ల మోటార్లకు, వీధి దీపాలకు, బస్తీ దవాఖానాలకు ఆ ఆలోచన ఎందుకు రాదు?

అయితే రైతుగా మన భయం మనకుంది. సోలార్ అంటే ఎకరాలు. ఒక మెగావాటుకు నాలుగైదు ఎకరాలు కావాలి. నగరానికి వెలుగు పేరుతో కంపెనీలు ఊరి మీద పడి, పచ్చని పొలాలను, పేదల అసైన్డ్ భూములను చుట్టబెడితే ఊరుకుందామా? అందుకే మొదటి మాట: నగరం ముందు తన కప్పులు వాడుకోవాలి. ఫిల్మ్‌నగర్ స్టూడియోల షెడ్లు, ప్రభుత్వ ఆఫీసులు, స్కూళ్లు ఖాళీగా ఎండుతున్నాయి. వెండితెర మీద రైతు కష్టానికి కన్నీళ్లు పెట్టించే పరిశ్రమ, తన కప్పు మీద ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

రెండో మాట: ఇంకా కావాలంటే రైతు సహకార సంఘాల నుంచి కొనాలి. కుసుమ్ పథకం కింద రైతు తన భూమిలో అర మెగావాటు నుంచి రెండు మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టుకోవచ్చు. మన రాష్ట్రంలో యూనిట్‌కు 3.13 రూపాయలు ఇస్తామన్నారు. మెగావాటుకు ఏటా సుమారు 15 లక్షల యూనిట్లు వస్తాయి, అంటే దాదాపు 47 లక్షల రూపాయలు. కానీ పెట్టుబడి మూడున్నర, నాలుగు కోట్లు. రెండెకరాల రైతుకు ఏ బ్యాంకు ఇస్తుంది? చివరికి పట్టా రైతుది, ప్లాంటు దళారిది అవుతుంది. నగరం బాండ్ల డబ్బు పెట్టుబడిగా వస్తే ఈ ముడి విడుతుంది. వంద కిలోవాట్లు దాటిన వాడకందారు హరిత విద్యుత్తును ఎక్కడినుంచైనా కొనవచ్చని 2022 కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. లైన్ల చార్జీలు ఎవరు కట్టాలో మాత్రం ముందే కాగితం మీద తేల్చుకోవాలి.

మూడో మాట: కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్ బస్తీల్లో ఉండే లైట్‌బాయ్‌లు, జూనియర్ ఆర్టిస్టుల్లో చాలామంది మన ఊళ్ల నుంచి పోయినవాళ్లే. సొంత కప్పు లేనివాడికి ఇంటి సోలార్ సబ్సిడీ అందదు. ఉమ్మడి ప్లాంటులో వాళ్లకూ వాటా ఇచ్చి, ఆ మేరకు బిల్లు తగ్గించాలి.

2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపు మీద గొంతెత్తినందుకు బషీర్‌బాగ్‌లో ముగ్గురు నేలకొరిగారు. ఆనాడు చార్జీలు దించమని అడగడానికి నగరానికి పోయాం. ఈసారి కరెంటు ఇచ్చేవాళ్లుగా, మన షరతులతో పోదాం. సాగు భూమి ముట్టొద్దు. అమ్మకం లేదు, కౌలే. కౌలు ఏటా పెరగాలి. ప్లాంటులో రైతుకు, కౌలుదారుకు వాటా ఉండాలి. గ్రామసభ ఒప్పుకోకుండా ఒక్క స్తంభం పాతొద్దు.

ప్రతి గ్రామ శాఖ ఈ నెల సమావేశంలో సబ్‌స్టేషన్‌కు ఐదు కిలోమీటర్ల లోపు పనికిరాని బీడు ఎంత ఉందో లెక్క తీయాలి. లెక్క మన చేతిలో ఉంటేనే, రేపు కంపెనీ మనిషి వచ్చినప్పుడు మాట మనది అవుతుంది.