డిటెక్టర్ కొనేముందు నేలనూ, చట్టాన్నీ చూడాలి

2025 మార్చిలో మధ్యప్రదేశ్‌లోని బుర్హాన్‌పూర్ సమీపాన, అసీర్‌గఢ్ కోట దగ్గరి పొలాలను గ్రామస్తులు రాత్రివేళ టార్చిలైట్లు, మెటల్ డిటెక్టర్లతో తవ్వారు. ‘ఛావా’ చిత్రం విడుదలయ్యాక మొగలుల బంగారు నాణేలపై వ్యాపించిన వదంతే అందుకు కారణం. బుర్హాన్‌పూర్‌ను దాటిన తాపీ నది దిగువన సూరత్‌ను చేరుతుంది. ఆ నగరం మొగలుల కాలంలో రేవు, టంకశాల కూడా. తెలుగు నేత కార్మికులకు ఉపాధినిచ్చిన సూరత్‌లో, నవాగామ్ వంటి పేటల్లోనూ ఇలాంటి ఆశ పుట్టడం సహజమే.

అయితే తొలి పరికరం ఎంపికలో ప్రకటనల కంటే నేల ముఖ్యం. వెండి నాణేలకు తక్కువ పౌనఃపున్యం, సన్నని బంగారు రేణువులకు ఎక్కువ పౌనఃపున్యం అనుకూలం. ఇనుప ఖనిజాలున్న నల్లరేగడిలో యంత్రం ఉత్తినే మోగుతుంది. అందుకే ‘గ్రౌండ్ బ్యాలెన్స్’ సదుపాయం అవసరం. సాధారణ యంత్రం ఒంటి నాణేన్ని జానెడు లోతుకు మించి పసిగట్టడం అరుదు. ఎంతో దూరం నుంచే లంకెబిందెలను చూపుతామనే ప్రకటనలను నమ్మి కూలిడబ్బు పోగొట్టుకోరాదు.

చట్టం సంగతి మరింత కీలకం. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. దాచితే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. పాత హక్కుదారు ఎవరూ లేరని తేలితే, నిజాయతీగా అప్పగించినవారికి ముప్పాతిక వంతు, స్థలం యజమానికి పాతిక వంతు దక్కే వీలుంది. రక్షిత కట్టడాల పరిధిలో అనుమతి లేని తవ్వకం నేరం. కాబట్టి పరికరం ధర కంటే ముందు అడగవలసింది స్థలం యజమాని సమ్మతినే.