శాలువాలు చాలించండి, టిక్కెట్లు అమ్మండి

గత కార్తీక మాసంలో హైదరాబాదులో ఒక పుస్తకావిష్కరణ సభకు వెళ్ళాను. రచయిత విశ్రాంత ఉపాధ్యాయులు. ముప్ఫై ఏళ్ళుగా రాసుకున్న కథల్లోంచి పద్దెనిమిదింటిని ఏరి, పదవీ విరమణ నాడు చేతికొచ్చిన సొమ్ములో కొంత తీసి అచ్చు వేయించుకున్నారు. వేదిక మీద తొమ్మిది కుర్చీలు. సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథులు ఇద్దరు, పుస్తక పరిచయకర్త, తొలి ప్రతి స్వీకర్త, చివరి కుర్చీలో రచయిత. వేదిక కింద, అతిథులను తీసుకొచ్చిన డ్రైవర్లను కూడా కలుపుకుంటే, నలభై మందిమి. పుస్తకం తమకు ఆ ఉదయమే అందిందనీ, చదివే వ్యవధి చిక్కలేదనీ, అయినా ముఖచిత్రాన్ని బట్టి లోపలి సరుకు తెలిసిపోతున్నదనీ ముఖ్య అతిథి గారు సెలవిచ్చారు. చప్పట్లు. తరువాత శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు. రచయిత మాట్లాడే వంతు వచ్చేసరికి హాలు సిబ్బంది వెనుక వరుసలో దీపాలు ఆర్పడం మొదలుపెట్టారు.

హాలు అద్దె, బ్యానరు, జ్ఞాపికలు, ఉప్మా, కాఫీ అన్నీ మాస్టారి ఖర్చే. ఎనిమిది శాలువాలు అతిథులకు. తొమ్మిదవది ఆయనకు కప్పినది, అదీ ఆయన కొనితెచ్చినదే. అమ్ముడుపోయినవి పదకొండు ప్రతులు. ఉచితంగా తరలిపోయినవి అంతకు రెట్టింపు. మిగిలిన కట్టలను ఆటోలోకి చేర్చడంలో నేనొక చెయ్యి వేశాను. "ఎవరో ఒకరు చదువుతారు లెండి" అన్నారాయన, నన్ను ఓదారుస్తున్నట్లుగా.

ఈ తంతు ఆగాలి. దీని స్థానంలో పుస్తకాల దుకాణాలే రచయితను పిలిచి, పాఠకుడి దగ్గర రుసుము తీసుకుని, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాలి. ఇది చెప్పగానే నా మిత్రుల్లో సగం మంది ముఖం చిట్లిస్తారని తెలుసు. సరస్వతిని అంగట్లో పెడతావా అని అడుగుతారు. ఆ మాటకు తరువాత వస్తాను. ముందు, అంగట్లో పెట్టినవాళ్ళు ఏం చేశారో, ఎక్కడ తప్పారో చూద్దాం.

లండనులో చేరింగ్ క్రాస్ రోడ్డు మీది ఫోయిల్స్ పుస్తకశాల పేరు విననివారు తక్కువ. 1903లో ఇద్దరు అన్నదమ్ములు, విలియం, గిల్బర్ట్ ఫోయిల్, సివిల్ సర్వీసు పరీక్ష తప్పి, తాము చదివిన పాఠ్యపుస్తకాలనే అమ్మకానికి పెట్టడంతో ఆ వ్యాపారం పుట్టింది. (పరీక్ష తప్పినవాళ్ళు మన ఊళ్ళలోనూ తక్కువేమీ కాదు, ఆ పుస్తకాలు మాత్రం పాత కాగితాల కొట్టుకు తూకానికి వెళతాయి.) విలియం కుమార్తె క్రిస్టినా 1930లో, పంతొమ్మిదేళ్ళ ప్రాయంలో, సాహిత్య విందులు ప్రారంభించింది. లండనులోని పెద్ద హోటలులో మధ్యాహ్న భోజనం, భోజనానంతరం రచయిత ప్రసంగం. తినాలన్నా వినాలన్నా టిక్కెట్టు కొనవలసిందే. బెర్నార్డ్ షా, హెచ్.జి.వెల్స్ వంటి మహామహులు ఆ విందులకు వచ్చారు. ఒక్కోసారి వెయ్యిమందికి పైగా హాజరయ్యేవారు. ఆమె 1999లో మరణించేవరకు, ఏడు దశాబ్దాల పాటు, ఆ విందులు ఆమె పేరుతో ముడిపడే ఉన్నాయి.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఒక్కటే. ఖర్చు రచయిత నెత్తిన పడలేదు. ఆయన అతిథి. కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ కూర్చోవడానికి ధర చెల్లించినవాడు. ధర చెల్లించినవాడు ప్రసంగం మధ్యలో ఫోను చెవికి ఆనించుకుని బయటికి పోడు. ముఖచిత్రం బాగుందని చెప్పే వక్తను రెండోసారి భరించడు. ఉచితంగా పిలిచి, ఉచితంగా టిఫిను పెట్టి, ఉచితంగా పుస్తకం చేతిలో పెట్టిన తరువాత, ఆ మనిషి పుస్తకాన్ని చదవలేదని నొచ్చుకునే హక్కు మనకు ఎక్కడిది?

నచ్చని సంగతులు చాలా ఉన్నాయి. హోటలులో వెండి చెంచాలు మెరుస్తూ ఉండగా, దుకాణంలో ఏం జరుగుతూ ఉండేది? అక్కడ ఒక పుస్తకం కొనడానికి మూడు వరుసల్లో నిలబడాలి. చీటీ కోసం ఒక వరుస, డబ్బు కట్టడానికి ఇంకొక వరుస, చీటీ చూపి పుస్తకం పుచ్చుకోవడానికి మూడవ వరుస. కారణం, అమ్మే గుమాస్తాలు డబ్బు ముట్టుకోరాదని యజమానురాలి శాసనం. పుస్తకాలను రచయిత పేరును బట్టి కాక ప్రచురణకర్తను బట్టి సర్దేవారు. తనకు కావలసిన నవలను ఎవరు అచ్చు వేశారో తెలియనివాడు అల్మారాల మధ్య తప్పిపోవలసిందే. సిబ్బందిని ఎక్కువకాలం ఉంచేవారు కాదు, ఉంచితే హక్కులు వస్తాయి కనుక. 1965లో వాళ్ళు సమ్మెకు దిగారు. అదే యజమానురాలు, అవే సంవత్సరాలు, ఆ పక్కన పెద్ద హోటలులో రచయితల సత్కారం! పుస్తకాన్ని చేత్తో అందించే మనిషికి గౌరవం లేని చోట, పుస్తకం రాసిన మనిషికి జరిగే విందులో ఎంత నిజం ఉంటుంది?

1964 ఏప్రిల్ 23 ముచ్చట దీనికి తోడు. ఆనాటికి షేక్‌స్పియర్ పుట్టి నాలుగు వందల ఏళ్ళు. డార్చెస్టర్ హోటలులో ఫోయిల్స్ విందు. ముఖ్య అతిథి బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్. కొంటె రాతలు, గీతలు కలిపి వేసిన ఆయన తొలి పుస్తకం నెలరోజుల కిందటే వెలువడింది. జనం కిక్కిరిశారు. లెనన్ లేచి, ధన్యవాదాల వంటి ఒక్క వాక్యం గొణిగి కూర్చున్నాడు. అంతే. సభికులు భగ్గుమన్నారు. ముందురాత్రి మత్తు ఇంకా దిగలేదని తరువాత చెప్పుకున్నారు. నా అనుమానం వేరు. ఆ గదిలో ఎందరు ఆ పుస్తకం తెరిచి చూసి వచ్చారు? వాళ్ళు మనిషిని చూడటానికి టిక్కెట్టు కొన్నారు, మనిషి కనబడ్డాడు. ఇక ఫిర్యాదు దేనికి? మన సభల్లో చదవని వక్తలు. అక్కడ, చాలామట్టుకు, చదవని శ్రోతలు.

కనుక విందును నకలు చేయమని నేననడం లేదు. అన్నం అమ్ముకోవడం పాపమని నమ్మిన జాతి మనది. పూటకూళ్ళమ్మను కూడా చిన్నచూపు చూసిన చరిత్ర మనకుంది. విస్తరి ముందు కూర్చోబెట్టి డబ్బు అడిగితే తెలుగువాడు చెయ్యి కడుక్కుని లేచిపోతాడు. ఒక కప్పు కాఫీ చాలు. నకలు చేయదగినది ఇంకొక ఊళ్ళో, ఇంకొక చిన్న దుకాణంలో జరిగింది.

పారిస్‌లో సిల్వియా బీచ్ అనే అమెరికన్ మహిళ 1919లో షేక్‌స్పియర్ అండ్ కంపెనీ అనే పుస్తకాల కొట్టు తెరిచింది. 1922లో జాయిస్ 'యులిసీస్'ను ప్రచురించిన సాహసి ఆమె. ఆర్థిక మాంద్యంలో అమెరికన్ ఖాతాదారులు ఇళ్ళకు తిరిగిపోగా, 1930ల మధ్యకు కొట్టు మూతపడే స్థితి వచ్చింది. అప్పుడు ఆంద్రే జీద్ పూనుకొని రచయితలనూ పాఠకులనూ కూడగట్టి ఒక మిత్రబృందం ఏర్పరిచాడు. సభ్యత్వం ఏడాదికి 200 ఫ్రాంకులు. సభ్యులకు దక్కేది, ఆ కొట్టులోనే, అల్మారాల మధ్య కుర్చీల్లో కూర్చుని రచయిత చదువుతుంటే వినే భాగ్యం. జీద్ చదివాడు, పాల్ వలేరీ చదివాడు. 1936లో ఎలియట్ లండను నుంచి వచ్చి కవిత్వం చదివాడు. జనం ముందు చదవడమంటే గిట్టని హెమింగ్వే సైతం మరుసటి ఏడాది స్టీఫెన్ స్పెండర్‌తో కలిసి చదివాడు. గదిలో పట్టేంతమందే. వేదిక లేదు. పాఠకుడి చందాతో కొట్టు నిలబడింది. 1941లో జర్మన్ ఆక్రమణ కాలంలో మూసివేయవలసి వచ్చేవరకు నిలబడింది.

ఇప్పుడు సరస్వతి సంగతి. సాహిత్యానికి రుసుము పెట్టడం మన సంస్కృతి కాదనేవారు తమ తాతలను అడగవలసింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక కుటుంబాలు ఏం తిని బతికాయి? టిక్కెట్టు తిని బతికాయి. తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయాలు' ఆడితే, రైతులు బండ్లు కట్టుకుని వచ్చి, డబ్బు పెట్టి లోపలికి వెళ్ళి, పద్యం పద్యానికీ "వన్స్ మోర్" అని గొంతు చించుకున్నారు. డబ్బు పెట్టినవాడికే ఆ అధికారం. పద్యం అప్పుడు మైలపడలేదు. మనకు రెండు సంప్రదాయాలు ఉన్నాయి. ఒకటి ఈ టిక్కెట్టు. రెండవది రాజుగారి కొలువు, శ్రీనాథుడి కనకాభిషేకం. కొలువులు పోయాయి, కనకం పోయింది; శాలువా మిగిలింది. వింత ఏమంటే ఇప్పుడు కవే రాజుకు శాలువా కొనిపెడుతున్నాడు!

రుసుము పెడితే లేనివాడి గతేమిటని ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్న. డార్చెస్టర్ హోటలుకు లేనివాడు రాలేడు, అది నిజం. కాని బ్రిటనులోనూ అమెరికాలోనూ నేడు అనేక స్వతంత్ర పుస్తకశాలలు టిక్కెట్టు ధరలోనే పుస్తకాన్ని కలిపి ఇస్తున్నాయి, లేదా ఆ సొమ్మును పుస్తకం ధరలో తగ్గిస్తున్నాయి. వంద రూపాయలు పెట్టండి, రెండు వందల పుస్తకాన్ని వందకే ఇవ్వండి, విద్యార్థులను ఊరికే రానివ్వండి. ఉచిత సభకు వచ్చే లేనివాడికి ఇవాళ దక్కుతున్నది ఏమిటి? వెనుక వరుస, చల్లారిన ఉప్మా, ఎనిమిది మంది పెద్దల స్వగతం. రచయితను ఒక్క ప్రశ్న అడిగే అవకాశం కూడా కాదు.

దుకాణాల యజమానులతో నాకు వేరే తగవు ఉంది. నా సొంత పుస్తకం ఒకటి కొన్నేళ్ళ కిందట ఒక విక్రేతకు ఇచ్చాను. నలభై శాతం కమిషన్ ముందే రాయించుకున్నారు. సంతోషం, వాళ్ళ అద్దె వాళ్ళది. కాని అమ్మినదానికి లెక్క అడిగితే "మార్చి దాటనివ్వండి సార్" అన్నారు. మార్చి మూడుసార్లు దాటింది. పుస్తకం బీరువాలో వెన్ను కూడా కనబడకుండా అడ్డంగా పడి ఉంది. అమ్మేవాడికి అది ఎవరి పుస్తకమో, లోపల ఏముందో తెలియదు. తెలుసుకునే అవసరం ఆయనకు ఎవరూ కల్పించలేదు. నెలకు ఒక రచయితను తన కొట్టుకు పిలవవలసిన బాధ్యత ఉన్నవాడు ఆ నెలలో ఒక పుస్తకమైనా చదవక తప్పదు. రచయితకు లెక్క చెప్పకుండా మొహం చాటేసే వీలూ ఉండదు, ఎదురుగా పాతికమంది కూర్చుని ఉంటారు గనుక. ఫోయిల్స్‌లో విందు హోటలుకు వెళ్ళిపోయింది, దుకాణం అనాథగా మిగిలింది. 2018లో ఆ సంస్థను వాటర్‌స్టోన్స్ గొలుసు దుకాణాలవారు కొనేశారు. స్వతంత్ర పుస్తకశాలగా దాని కథ అక్కడితో ముగిసింది. మనవాళ్ళు చేయవలసింది కొట్టులోనే, అల్మారాల మధ్యే.

ఈ మాటలన్నీ గత పుష్యంలో ఒక పుస్తకాల దుకాణం యజమానికి నోటితోనే చెప్పాను. మంచివాడు, ఓపికగా విన్నాడు. "కుర్చీలు లేవండీ మా దగ్గర" అన్నాడు. నేను తెస్తానన్నాను. "టిక్కెట్టు పెడితే ఎవరూ రారండీ" అన్నాడు. ఇరవై టిక్కెట్ల సొమ్ము ఆయన బల్ల మీద పెట్టాను. రచయిత ఎవరని అడిగితే మాస్టారి పేరు చెప్పాను. ఆయన సొమ్ము తీసుకోలేదు, కాదనీ అనలేదు. పుస్తకం ఒక ప్రతి అడిగి పుచ్చుకున్నాడు. చదివి చెబుతానన్నాడు. డబ్బు ఇచ్చే పుచ్చుకున్నాడు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.