వేగమును కొనవచ్చును, విద్యయో?

రైలుబండి వేగమును గూర్చి ముచ్చటించునప్పుడు మనవారు పట్టాలను బొగడుదురు, పెట్టెల సొగసును బొగడుదురు. ఆ వేగమును బుట్టించు విద్యను తలచువారు మాత్రము అరుదు. దానికి పవర్ ఎలక్ట్రానిక్సు అని పేరు. దానిని వృత్తిగా గైకొన్న ఇంజనీరు పని ప్రయాణికుల పాదములక్రింద, మూతవేసిన పెట్టెలలో నుండును. కనుకనే యాతని పేరు పత్రికలకెక్కదు.

పైతీగెలోని 25,000 వోల్టుల విద్యుత్తును ట్రాన్సుఫార్మరు తగ్గించును. కన్వర్టరు దానిని ఏకముఖప్రవాహముగా మార్చును. ఇన్వర్టరు మరల మూడుఫేజుల ప్రవాహముగా జేసి, బండి నడకకు దగిన పౌనఃపున్యముతో మోటార్లకందించును. ఇందులకు వాడు ఐ.జి.బి.టి. యను స్విచ్చులు సెకండునకు వందలకొలది మారులు పనిచేయవలెను. కూడని వేళ రెండు స్విచ్చులు ఒక్కమారే ప్రవాహమును వదలినచో పరికరము కాలిపోవును. వేడిని తొలగింపవలెను, సిగ్నళ్లకు చెరుపు గలుగనీయరాదు, బండి నాపునప్పుడు మోటారును జనరేటరుగా మార్చి విద్యుత్తును తిరిగి తీగెకు బంపవలెను. ఇది పుస్తకములు చదివినంతనే పట్టుబడు విద్య కాదు.

1964లో జపానుదేశము షింకన్‌సెన్ మార్గమును దెరచినప్పుడు బండి వేగము గంటకు 210 కిలోమీటర్లు. నాటి మోటార్లు ఏకముఖప్రవాహమున నడచు బరువైనవి. 1992లో ఇన్వర్టర్లు, మూడుఫేజుల మోటార్లు గల 300 వరుస బండ్లు వచ్చెను. అల్యూమినియము పెట్టెలును దోడ్పడగా 16 పెట్టెల బండి బరువు సుమారు 970 టన్నులనుండి 710 టన్నులకు దిగెను. వేగము 270కి జేరెను. 2020నాటి ఎన్700ఎస్ బండ్లలో సిలికాన్ కార్బైడు స్విచ్చులు చేరినవి. ఒక తరమువారు నేర్చినదానిని మరియొక తరమువారికి అప్పగించుటవలన గలిగిన ఫలమిది.

చైనా 2004 ప్రాంతమున విదేశపు బండ్లను గొన్నది. కాని యంతటితో నూరకుండలేదు. 2008లో ఝూఝౌ నగరపు సంస్థ, ఇంగ్లండులోని లింకన్ పట్టణమున ఐ.జి.బి.టి.లు చేయు డైనెక్స్ కంపెనీలో అధికభాగమును గొనెను. 2014లో ఝూఝౌలోనే వాని యుత్పత్తి యారంభమయ్యెను.

మనకును ఆరంభము లేకపోలేదు. 1993లో ఏ.బి.బి. సంస్థతో జరిగిన యొడంబడికవలన మూడుఫేజుల యింజన్ల విద్య చిత్తరంజన్ కర్మాగారమునకు వచ్చెను. 1998లో అట్టి యింజను అచటనే తయారయ్యెను. 2019లో ఢిల్లీ–వారణాసి మార్గమున బయలుదేరిన మొదటి వందేభారత్ బండికి చాలకపరికరములను సమకూర్చినది హైదరాబాదునందలి మేధా సంస్థ. ఇది తెలుగునేల గర్వింపదగిన విషయము. అయినను 160 కిలోమీటర్ల పరిమితిగల బండిని అతివేగపు బండియనుట తొందరపాటు. 508 కిలోమీటర్ల ముంబయి–అహమ్మదాబాదు మార్గమునకు 2017లో పునాదివేసినప్పుడు జపాను ఋణమును, జపాను పద్ధతిని ఆశ్రయించితిమి. 280 కిలోమీటర్ల వేగమునకు దగిన రెండు బండ్లను నిర్మింప 2024లో బెంగుళూరి బి.ఇ.ఎం.ఎల్. సంస్థకు ఉత్తరువిచ్చుట శుభసూచకమే. కాని కన్వర్టరు మనదైనను, అందలి స్విచ్చు తరచుగా దిగుమతి సరకే.

అంగడిలో దొరకుదానిని మనమేల చేయవలెనని కొందరడుగుదురు. న్యాయశాస్త్రమున స్వాధీనము వేరు, స్వామ్యము వేరు. బండి మన పట్టాలపై నిలుచుట స్వాధీనము. చెడినదానిని విప్పి, లోపమెరిగి, మరుసటిదానిని అంతకన్న బాగుగా జేయగలుగుట స్వామ్యము. మొదటిది ధనముతో వచ్చును. రెండవది ఇంజనీర్లవలనగాని రాదు.

మన కళాశాలలలో ఎలక్ట్రికల్ పట్టమునొందిన యువజనులు పెక్కురు సాఫ్టువేరు కొలువులకు బోవుచున్నారు. వారిని నిందింపరాదు, జీతమును గౌరవమును ఉన్నచోటికే ఎవరైనను బోవుదురు. చేయవలసిన పనులు మూడు. కొనుగోలు ఒడంబడికలలో నిర్మాణరహస్యమును, నియంత్రణ ప్రోగ్రామును మనకప్పగించు షరతు విధిగా నుండవలెను. విజయవాడ, కాజీపేట, లాలాగూడ విద్యుదింజను షెడ్లలో సమీప కళాశాలల విద్యార్థులకు చేతిపని నేర్పవలెను. ఈ విద్యలో పదియేండ్లు నిలిచినవానికి తగిన వేతనమీయవలెను.

షరతు లేని ఒడంబడికపై చేవ్రాలు చేసినపిదప విద్య చేజారెనని వగచుటవలన ప్రయోజనము లేదు. బండ్లు ముప్పది నలువదియేండ్లలో పాతబడును. వానిని నిర్మించు నేర్పు దేశమున నిలిచెనా, పాతబడిన బండికి బదులు క్రొత్తబండి మన చేతులమీదుగనే బయలుదేరును. లేనిచో మరల పరుల వాకిట నిలువక తప్పదు.