నూకలు ఎవరికి చెల్లుతున్నాయి?

పోయిన ఎండాకాలం సెలవుల్లో కరీంనగర్ జిల్లాలోని మా ఊరికి వెళ్ళినప్పుడు, మా చిన్నమ్మ రైస్‌మిల్లు నుంచి ఖాళీ సంచితో తిరిగొచ్చింది. ఆమెకు రెండు బర్రెలు, పది పన్నెండు కోళ్ళు ఉన్నాయి. గుంటెడు భూమి కూడా లేదు. ఈనిన బర్రెకు నూకల జావ కాచి, తవుడు కలిపి పెట్టడం ఆమెకు తెలిసిన పద్ధతి.

"నూకలు లేవన్నరు బిడ్డా. అన్నీ లారీల్ల పోతున్నయట. కార్లల్ల పోసుకునే నూనె చేస్తరట గద వాటితోటి, నిజమేనా?" అని అడిగింది.

నిజమేనన్నాను. పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతున్నారనీ, దాన్ని చెరకుతోనే కాదు బియ్యంతో, మొక్కజొన్నతో కూడా తీస్తారనీ చెప్పాను. అర్థశాస్త్రం పాఠాలు చెప్పి బతుకుతున్నవాణ్ణి కాబట్టి ఆ మాత్రం చెప్పగలిగాను. "మరి బర్రెకేం పెట్టాలె?" అంది. దానికి మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ ప్రశ్న మన విధాన చర్చల్లో ఎక్కడా వినపడదు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌తో బండి మైలేజీ తగ్గుతోందన్న ఫిర్యాదు 2025లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది, అది వేరే సంగతి. కారున్నవాడి కష్టం నెల తిరక్కుండా జాతీయ సమస్య అవుతుంది. దాణా కొనుక్కునే భూమిలేని ఆడమనిషి కష్టానికి మాత్రం టీవీ స్టూడియోలో కుర్చీ దొరకదు.

ముందు లెక్క చూద్దాం. 2018 జాతీయ జీవ ఇంధన విధానం పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపడానికి 2030ని గడువుగా పెట్టుకుంది. 2022లో ఆ గడువును 2025-26కు ముందుకు జరిపారు. 2013-14లో ఒకటిన్నర శాతం చుట్టూ ఉన్న మిశ్రమం 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఇంత వేగం చెరకు ఒక్కదానితో సాధ్యమయ్యేది కాదు. 2023లో వానలు సరిగా పడక, చక్కెర కరవు భయంతో ఆ ఏడాది డిసెంబరులో చెరకు రసం వాడకానికి కేంద్రం కళ్ళెం వేసింది. దాంతో డిస్టిలరీల చూపు మొక్కజొన్న మీద పడింది. ఆ ఇథనాల్‌కు లీటరుకు రూ.71.86 ధర కట్టారు. కొన్నేళ్ళ కిందట ఇథనాల్ తయారీలో దాదాపు కనిపించని మొక్కజొన్న 2023-24 నాటికి అన్నిటికంటే పెద్ద ముడిసరుకైంది. ఏటా దాదాపు 4 కోట్ల టన్నులు పండే ఆ పంటలో సగానికి పైగా అప్పటిదాకా కోళ్ళ, పశువుల దాణాకు పోయేది. మొక్కజొన్న ఎగుమతి చేసే మన దేశం 2024లో మయన్మార్, ఉక్రెయిన్ల నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది.

నూకల సంగతి అంతకుముందే బయటపడింది. 2022 సెప్టెంబరులో కేంద్రం నూకల ఎగుమతిని నిషేధించినప్పుడు చెప్పిన కారణాల్లో కోళ్ళ దాణాకు కొరత ఒకటి, ఇథనాల్‌కు కొరత మరొకటి. దేశంలో కిలో రూ.16 ఉన్న నూకలు రూ.22 అయ్యాయని ప్రభుత్వమే ప్రకటించింది. అంటే కోడి ముక్కు దగ్గరి గింజకూ డిస్టిలరీకీ మధ్య పోటీ ఉందని పాలకులకు అప్పటికే తెలుసు. తెలిసే, 2024-25లో ఎఫ్‌సీఐ గోదాముల నుంచి 52 లక్షల టన్నుల బియ్యాన్ని ఇథనాల్‌కు కేటాయించారు. 2025 జనవరిలో దాని ధరను కిలో రూ.28 నుంచి రూ.22.50కి తగ్గించారు. ఆ కిలో బియ్యాన్ని సేకరించి, మిల్లు పట్టించి, గోదాములో దాచడానికి ప్రభుత్వానికయ్యే ఖర్చు దాదాపు రూ.40.

నూకలు మా వాడకు పరాయి సరుకేమీ కాదు. దొరల ఇళ్ళలో బియ్యం ఉడికిన కాలంలో మా ఇళ్ళలో నూకలే ఉడికాయి. కూలి కింద నూకలు, తవుడు కొలిచి ఇచ్చిన రోజులు మా నాయనమ్మకు గుర్తు. ఆ పేదరికాన్ని కవిత్వం చేయడం నాకిష్టం లేదు. అక్కరలేనిదని పడేసిన సరుకుతోనే మా ఆడవాళ్ళు కోళ్ళను సాకారు, బర్రెలను పెంచారు, పిల్లల ఫీజులు కట్టారు. నా డిగ్రీ ఫీజు కూడా అలాగే కట్టారు. అక్కరలేని సరుకుగా ఉన్నంతకాలం అది మాకు చెల్లింది. దానికి బజారు వచ్చిన రోజున మా చేతిలోంచి జారిపోయింది.

"ఇథనాల్‌తో రైతుకు మేలే కదా" అంటారు. అన్నదాత ఊర్జాదాత అవుతాడన్నది ప్రభుత్వ నినాదం. ఆ నినాదంలోని దాత ఎవరు? 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగవుతున్న కమతాల విస్తీర్ణంలో షెడ్యూల్డ్ కులాల వాటా 9 శాతం లోపే. 2011 జనాభాలో మన వాటా 16.6 శాతం. అమ్మడానికి గింజ ఉన్నవాడికి ధర పెరిగితే లాభం. గింజ కొనేవాళ్ళకు, ధాన్యం మిగులులేని వాళ్ళకు ఆ పెరుగుదల నేరుగా ఖర్చే. మేత పండించుకునే మడి ఉన్న ఆసామి గడ్డి కోసుకుంటాడు, సొంత తవుడు వాడుకుంటాడు. భూమిలేని దళిత కుటుంబం పశువును సాకేది కొన్న దాణాతోనూ, గట్ల మీద కోసుకొచ్చిన గడ్డితోనూ.

ఇంతకీ భూమిలేని ఇంట్లోకి బర్రె ఎలా వచ్చింది? రాజ్యమే తెచ్చి కట్టింది. భూ పంపిణీ చేయాల్సిన ప్రభుత్వాలు దశాబ్దాలుగా ఎస్సీ కార్పొరేషన్ రుణాల పేరిట పాడిపశువులను, గొర్రెలను, కోళ్ళ షెడ్లను ఇస్తూ వచ్చాయి. తెలంగాణలో 2014లో దళిత కుటుంబానికి మూడెకరాలన్న హామీ కొన్ని వేల కుటుంబాల దగ్గర ఆగిపోయింది. 2021లో పది లక్షల దళిత బంధు వచ్చింది. అందులోనూ చాలామంది ముందు పెట్టిన ఎంపికల్లో డెయిరీ, కోళ్ళ ఫారం ఉన్నాయి. నేను ఆ పథకాలను తక్కువ చేయడం లేదు. వాటితో నిలదొక్కుకున్న ఇళ్ళను చూశాను. నా అభ్యంతరం వేరు. భూమికి బదులు పశువును ఇచ్చిన అదే రాజ్యం, ఇంకో శాఖ నుంచి ఆ పశువు మేత మీదికి రాయితీ ధరతో డిస్టిలరీని పోటీకి దింపింది. ఎండిపోయిన పశువును అమ్ముకుందామంటే గోరక్షకుల భయానికి సంతలో బేరగాడు రాడు. మేపలేక, అమ్మలేక ఆ అప్పు కొట్టంలోనే కట్టేసి ఉంటుంది.

అంబేద్కర్ 1918లో రాసిన చిన్న కమతాల వ్యాసాన్ని మన విద్యార్థులు ఈ కోణంలో మళ్ళీ చదవాలి. కమతం గిట్టుబాటవుతుందా లేదా అన్నది విస్తీర్ణం ఒక్కటే తేల్చదనీ, దానికి తోడయ్యే పెట్టుబడి, శ్రమ, పనిముట్ల నిష్పత్తి తేలుస్తుందనీ ఆయన వాదం. బర్రెకు కూడా ఇదే వర్తిస్తుంది. దాణా, నీళ్ళు, మేత భూమి లేకుండా ఇచ్చిన పశువును ఆస్తి అనలేం. 1947లో 'రాష్ట్రాలు-మైనారిటీలు'లో ఆయన వ్యవసాయ భూమిని రాజ్యం చేతిలోకి తీసుకుని, కుల భేదం లేకుండా గ్రామస్తులకు సాగుకివ్వాలన్నది భూమి మూలాన్ని తాకడానికే. మన పథకాలు ఆ మూలాన్ని తప్పించుకుని పక్కనుంచి నడుస్తున్నాయి.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ధర ఎప్పుడూ పైకే పోలేదు. 2025 ఖరీఫ్ మొక్కజొన్నకు మద్దతు ధర క్వింటాలుకు రూ.2,400 కాగా, పంట చేతికొచ్చేసరికి చాలా మార్కెట్లలో రెండు వేలు కూడా పలకలేదు. ఇథనాల్ ఆశతో సాగు పెరిగింది, ఇంకోపక్క చౌక బియ్యం డిస్టిలరీలకు చేరింది. కర్ణాటకలో రైతులు రోడ్డెక్కారు. దాణా చౌకైంది కదా అని చిన్నమ్మ సంతోషించాలా? ఆమె కొడుకు అదే ఊళ్ళో రెండెకరాలు కౌలుకు తీసుకుని మక్క వేశాడు. ధర పెరిగితే తల్లి మునుగుతుంది, పడితే కొడుకు మునుగుతాడు. ఇద్దరిదీ ఒకటే పొయ్యి. ఆయిల్ కంపెనీలు ముందే ప్రకటించిన ధరకు ఇథనాల్ కొంటాయి కాబట్టి డిస్టిలరీకి ఈ ఊగిసలాటలో ఆసరా ఉంది. కౌలు రైతు పంటకు కాగితం మీద మద్దతు ధర తప్ప ఏ హామీ లేదు.

ఇథనాల్ సమర్థకుల దగ్గర బలమైన వాదన ఒకటుంది, దాన్ని కొట్టిపారేయలేం. గింజలోని పిండిపదార్థమే సారాయిగా మారుతుంది. మాంసకృత్తులు, కొవ్వు, పీచు మిగిలిన పిప్పిలోనే ఉంటాయి. ఎండబెట్టిన ఆ పిప్పిని డీడీజీఎస్ అంటారు. టన్ను మొక్కజొన్నకు దాదాపు 380 లీటర్ల ఇథనాల్, మూడో వంతు దాకా పిప్పి వస్తాయి. పాడిపశువుకు అది మంచి దాణాయే. అయితే కోడికి కావలసిన శక్తి ఎక్కువగా పిండిపదార్థం నుంచే వస్తుంది, దాన్ని పెట్రోల్ ట్యాంకులో పోశాం. పిప్పితో పూర్తిగా ఆ లోటు పూడదు. పైగా గింజకు బూజు పట్టి ఉంటే, ఆ బూజు విషమైన అఫ్లాటాక్సిన్ పిప్పిలో దాదాపు మూడు రెట్లు గాఢమవుతుంది, పశువు తింటే పాలలోకి కూడా వస్తుంది. పరీక్ష చేసే ప్రయోగశాల పెద్ద దాణా కంపెనీకి ఉంటుంది. చిన్నమ్మకు ఉన్నది ముక్కు ఒక్కటే, వాసన చూసి తీసుకోవడానికి. అసలు ఆ పిప్పి ఆమె దాకా వస్తే కదా! అది లారీల లెక్కన దాణా మిల్లులకు పోతుంది. అక్కణ్ణుంచి బస్తా ధరకు వస్తుంది. మా ఊరి పాల కేంద్రం వెన్న శాతం చూసి పాలకు ధర కడుతుంది. దాణా కొట్టతను ఆమె పాల వెన్న శాతం ఎంతని అడగడు.

ఇది మొదటిసారి కాదు. 2003 తర్వాత బయోడీజిల్ పేరుతో జట్రోఫా, అంటే అడవి ఆముదం, ఊపు వచ్చింది. తిండి పంటలతో పోటీ ఉండదు, బంజరుల్లోనే పెంచుతాం అన్నారు. బంజరు రెవెన్యూ వాళ్ళ మాట. మేక దాన్ని బంజరు అనుకోదు. ఊరి పోరంబోకు, బంచరాయి, గుట్ట పక్క భూములు మేత భూములు. వాటి మీద ఆధారపడింది ఎవరో ఊళ్ళో అందరికీ తెలుసు. జట్రోఫా ఆకును పశువు ముట్టదు, గింజ నుంచి నూనె తీశాక మిగిలే చెక్క విషం. దిగుబడులు అనుకున్నట్టు రాక ఆ కల చల్లారింది. మరాఠ్వాడాలో దాదాసాహెబ్ గైక్వాడ్ నాయకత్వంలో దళితులు గైరాన్ భూముల కోసం జైళ్ళు నింపిన చరిత్ర తెలిసినవాళ్ళకు ఈ బంజరు మాట వినగానే చెవులు నిక్కబొడుచుకోవాలి.

ఇథనాల్ ఫ్యాక్టరీల మీద తెలంగాణలో పోరాటాలు లేకపోలేదు. నారాయణపేట జిల్లా చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో జనం కాలుష్యం మీద, నీళ్ళ మీద గొంతెత్తారు. దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో జాతీయ రహదారి దిగ్బంధం తర్వాత ప్రభుత్వం పనులు ఆపించింది. దుర్వాసన అందరి ముక్కుకూ తగులుతుంది కాబట్టి ఊరంతా కదులుతుంది. దాణా ధర మాత్రం కొనుక్కునే ఇళ్ళకే తగులుతుంది. ఆ ఇళ్ళు ఊరి చివర ఉంటాయి.

అందుకే అడగాల్సింది స్పష్టంగా అడగాలి. ఏటా ఇథనాల్‌కు ధాన్యం కేటాయించే ముందు దాణా అవసరాల లెక్కను, అందులో భూమిలేని పశుపోషకుల అవసరాన్ని విడిగా, ప్రజల ముందు పెట్టాలి. డిస్టిలరీకి కిలో రూ.22.50కి ఇవ్వగలిగిన బియ్యంలో కొంత భాగాన్ని అదే ధరకు దళిత, ఆదివాసీ మహిళల పాడి సంఘాలకు నూకలుగా ఎందుకివ్వరు? ప్రభుత్వ బియ్యం తీసుకునే ప్రతి డిస్టిలరీ తన పిప్పిలో ఒక వాటాను అఫ్లాటాక్సిన్ పరీక్ష చేయించి, చిన్న సంచుల్లో, ముందే ప్రకటించిన ధరకు జిల్లా పాల సంఘాలకు ఇవ్వాలన్న షరతు ఎందుకు లేదు? బంచరాయిల్లో దళిత మహిళా సంఘాలకు పశుగ్రాసం పెంచుకునే హక్కు కాగితం మీద రావాలి.

విశ్వవిద్యాలయాల్లో ఉన్న మిత్రులకు ఒక పని. మీ ఊళ్ళో పశువులున్న ఇళ్ళన్నీ తిరగండి. ఎవరు దాణా పండించుకుంటున్నారు, ఎవరు కొంటున్నారు, ఈ మూడేళ్ళలో ఎవరు పశువును అమ్ముకున్నారు, ఆ ఇంటి కులం ఏమిటి, భూమి ఎంత, రాసుకోండి. దీనికి పెద్ద గ్రాంటు అక్కర్లేదు, ఒక సెలవుల కాలం చాలు. నేను మా ఊళ్ళో మొదలుపెట్టాను. మొదటి కాగితం మీద చిన్నమ్మ పేరే ఉంది. నేను రాసుకునే నాటికి బర్రెలు రెండు. దసరాకు మళ్ళీ వెళ్ళేసరికి ఒకటే ఉంది.