ఆలస్యంగా వచ్చే వీరుడు

‘వన్ పంచ్ మ్యాన్’ అనే జపాన్ యానిమే ఆధారంగా 2020లో ఒక పోరాట వీడియో గేమ్ వెలువడింది. కథానాయకుడు సైతామా ఎంతటి శత్రువునైనా ఒక్క పిడిగుద్దుతో కూల్చగలడు. అలాంటివాడుంటే ఇక పోటీ ఎక్కడిది? అందుకే రూపకర్తలు ఒక నియమం పెట్టారు. ముగ్గురి జట్టులో అతడిని ఎంచుకుంటే, అతడు ఆలస్యంగా వస్తాడు. అంతవరకూ మిగిలిన ఇద్దరూ దెబ్బలు కాచుకుంటూ నిలబడాలి. వారు చక్కగా పోరాడితే అతడి రాక త్వరపడుతుంది. వారు ముందే కూలిపోతే అతడి బలం వృథా.

తల్లిదండ్రులారా! పిల్లవాడు ఈ ఆట ఆడుతుంటే కసరకండి. పక్కన కూర్చుని, “గెలిపించింది ఎవరు బేటా?” అని అడగండి. సైతామా పేరు చెబితే, అతడు వచ్చేదాకా నిలిచిన ఆ ఇద్దరినీ గుర్తు చేయండి. చివరి గుద్దు అందరికీ కనిపిస్తుంది; సహనాన్ని మాత్రం మనమే చూపించాలి.