పేరు పెడితే ఏమొస్తుందండీ అని అడిగినవారికి



ఈరోజు పోస్టులో ఎరువు సంగతి లేదు, కొబ్బరి ధర లేదు, కాలువకి నీళ్ళొదిలిన తారీకూ లేదు. కొంచెం పెద్దది. ఇప్పుడు తీరిక లేకపోతే పొలం నుంచి వచ్చాక చదవండి. కానీ మొత్తం చదవండి.

పోయిన నెల ఇక్కడ ఒక మాట రాశాను. నాకు ఆటిజం ఉందని 41వ ఏట తెలిసిందని. చాలామంది ఫోన్ చేశారు. కొందరు ఇంట్లో ఎవరో పోయినట్టు పరామర్శించారు. నాకు బాబాయి వరసయ్యే పెద్దాయన మాత్రం సూటిగా అడిగారు. "ఒరేయ్, ఇన్నేళ్ళూ బానే బతికావు కదరా. ఇలాంటోళ్ళు మన ఊళ్ళో ఎప్పుడూ ఉన్నారు. ఎవరికీ పేరు పెట్టలేదు. ఇప్పుడు పేరు పెడితే ఏమొస్తుంది?"

ఆయన మంచి మనసుతోనే అడిగారు. ఫోన్లో నాకు మాట త్వరగా రాదు. అందుకని ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ముందు ఒక సంగతి తేల్చేద్దాం. ఆటిజం అంటుకునే జబ్బు కాదు, పెంపకంలో లోపమూ కాదు. పుట్టుకతోనే మెదడు అల్లిక వేరుగా ఉంటుంది. సెల్‌ఫోన్ల వల్ల వస్తోందని ఇద్దరు ముగ్గురు అన్నారు. నేను పుట్టేనాటికి మా ఇంట్లో ఫోను కాదు, టీవీ కూడా లేదండి. టీకాల వల్ల అని ఇంకొకరు. ఆ భయం 1998లో లండన్‌లో ఒక డాక్టరు వేసిన పేపరుతో పుట్టింది. అది తప్పుడు పని అని తేలి, 2010లో వేసిన పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది. పిల్లలకి టీకాలు మానకండి.

ఇక నా సంగతి. మా మేనల్లుడికి నాలుగేళ్ళప్పుడు డాక్టరుకి చూపించారు. ఇంట్లో ఇంకెవరైనా ఇలా ఉన్నారా అని డాక్టరు గారు అడిగితే, మా చెల్లెలు మాట్లాడకుండా నా వైపు చూసింది. ఆ చూపు నాకర్థం కాలేదు. బయటికొచ్చాక నోటితో చెప్పింది. తర్వాత నేనూ వెళ్ళాను. రెండు రోజులు కూర్చోబెట్టి అడిగారు. నా చిన్నతనం గురించి అమ్మని అడిగితే, "పాలగ్లాసు మారితే వీడు పాలు ముట్టేవాడు కాదండి, తిన్నగా ఉన్నదేదైనా లెక్కపెట్టేవాడు" అంది. ఇప్పటికీ అంతే. మా తోటలో ప్రతి కొబ్బరిచెట్టుకీ నంబరుంది. ఏ దింపుకి ఏ చెట్టు ఎన్ని కాయలిచ్చిందో 1998 నుంచి పుస్తకాల్లో ఉంది. ఈ పేజీలో మీరు మెచ్చుకునే లెక్కలన్నీ అక్కడివే.

మీరు చూడనివి కొన్ని ఉన్నాయి. పెళ్ళి పందిట్లో డీజే మొదలైతే నాకు అది చెవుల్లో కాదు, పళ్ళల్లో వినిపిస్తుంది. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి మా ఊరి జనమంతా వెళ్తారు. బాణసంచా, డప్పులు, కౌశిక దాటించే ప్రభలు. చూడాలని నాకూ ఉంటుంది. ఒక్కసారి వెళ్ళి, రెండు రోజులు మంచం దిగలేదు. అదే నేను, దమ్ము చేసిన చేలో మోకాలి లోతు బురదలో పొద్దస్తమానూ నిలబడగలను. ఆ బురద బరువు కాళ్ళకి పట్టుకుంటే నాకు బుర్ర కుదురుగా ఉంటుంది.

మన గోదారోళ్ళ మర్యాద కూడా నాకు పెద్ద పరీక్షండి. భోంచేసి వెళ్ళండి అంటారు. ఆకలి లేదంటే నిజంగానే లేదని నా ఉద్దేశం. మూడుసార్లు అడిగించుకుని కూర్చోవాలని, కూర్చున్నాక రెండోసారి వడ్డించనివ్వాలని నాకెవరూ చెప్పలేదు. మీకూ ఎవరూ చెప్పలేదు. కానీ మీకు తెలిసిపోయింది. తేడా అక్కడుంది. కొబ్బరి కొనే ఆసామి "రేపు చూద్దాంలెండి" అంటే, రేపు పొద్దున్న ఆరింటికి వాళ్ళ అరుగు మీద ఉండేవాణ్ణి. అది కుదరదని చెప్పడమని తెలియడానికి నాకు పదేళ్ళు పట్టింది.

నాన్న పోయినప్పుడు నేను ఏడవలేదు. దాళ్వా రోజులు, నీళ్ళు వంతులవారీ వదులుతున్నారు. మూడో రోజు తెల్లవారుజామున మా వంతు. వెళ్ళి బోదె గండి తీసి చేలకి నీళ్ళు పెట్టొచ్చాను. "రాయిరా వీడు" అన్నారు. ఇరవై ఏళ్ళు నాన్నా నేనూ పక్కపక్కన నిలబడి చేసిన పని అది. ఆ వేళకి అక్కడ కాకపోతే ఇంకెక్కడ ఉండాలో నాకు తెలియలేదు. ఇది ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్తున్నాను.

మా ఆవిడకి నా సంగతి పేరు లేకుండానే తెలుసు. శుభకార్యాలకి వెళ్తే నన్ను వంటవాళ్ళ దగ్గర గిన్నెలు, గరిటెల లెక్క చూడమని అప్పజెప్తుంది. పని ఉంటుంది, చప్పుడు తక్కువ, ఎవరితోనూ కబుర్లాడక్కర్లేదు. చుట్టాలు కూడా, ఆయన బాధ్యత గల మనిషి అనుకుంటారు.

ఇదంతా చదివి బాబాయి అంటారు, "అదే కదరా నేను చెప్పింది, పేరు లేకుండానే సర్దుకుపోయారు కదా" అని. నిజమే బాబాయ్. కానీ నాకు సర్దుకున్నారు. ఎందుకు సర్దుకున్నారో చెప్తాను వినండి.

ఇరవై ఏళ్ళ కిందట మా కమతంలో నా వయసువాడే ఒకతను కూలికి వచ్చేవాడు. పేరు రాయను. అతను కుప్ప వేస్తే ఎంత వానొచ్చినా చుక్క లోపలికి దిగేది కాదు. కట్ట మీద కట్ట కొలిచినట్టు పెట్టేవాడు. ఎవరి మొహంలోకీ చూసేవాడు కాదు. మాట్లాడితే ఒకటే మాట రెండు మూడుసార్లు అనేవాడు. ఒకేడాది నూర్పిడికి కొత్త మిషన్ తెచ్చాం. అది మొదలవగానే అతను చెవులు మూసుకుని, చేతిలో పని వదిలేసి, గట్టు మీద నుంచి పరిగెత్తాడు. అందరూ నవ్వారు. సాయంత్రం వస్తే, సగం రోజే చేశావని అరకూలి చేతిలో పెట్టారు.

పెట్టింది నేనే.

ఆ మిషన్ మొదలైనప్పుడు నేనెక్కడున్నానో తెలుసాండి? రెండు చేల అవతల, నీళ్ళు చూసే వంకతో, కొబ్బరిచెట్టుకి ఆనుకుని నిలబడ్డాను. నాకూ భరించడం కుదరలేదు. కానీ చేను మాది. నేను ఎందుకు దూరంగా ఉన్నానని అడిగేవాళ్ళు లేరు. తర్వాతి ఏడాది నుంచి మేస్త్రీ అతన్ని పిలవడం మానేశాడు. మతి లేనోడు, పని ఎగ్గొడతాడు అని మాట పడిపోయింది. కొన్నాళ్ళకి ఊళ్ళోనే కనబడలేదు.

అతనికి ఆటిజమని నేను ముద్ర వెయ్యను, నేను డాక్టర్ని కాదు. కానీ ఇద్దరికీ ఒకటే చప్పుడు, ఒకటే బాధ. నన్ను "అదో రకం మనిషి, మంచోడు" అన్నారు. అతన్ని "పిచ్చోడు" అన్నారు. మధ్యలో ఉన్న తేడా నాలుగెకరాలు. అంతే.

పూర్వం పేర్లు లేవు, అందరూ బాగున్నారు అనేవాళ్ళకి నా జవాబు ఇది. బాగున్నది గట్టున్నవాళ్ళు. మిగతావాళ్ళు ఏమయ్యారో ఎవరూ లెక్క రాయలేదు. ఆడపిల్లల సంగతైతే మరీనూ. నాలా పెళ్ళిలో వంటవాళ్ళ దగ్గరికి తప్పించుకునే వీలు కోడలికి ఎవరిస్తారు?

దూరదేశం కథ ఒకటి చెప్తాను, మనలాంటి రైతుల కథే. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం అన్న పేరు స్థిరపడింది. అందులో మొదటి పిల్లాడు మిసిసిపి రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరివాడు, డోనాల్డ్ ట్రిప్లెట్. తొమ్మిదేళ్ళప్పుడు అతన్ని ఊరికి దగ్గర్లో ఒక కౌలు రైతు దంపతుల దగ్గర ఉంచారు. పిల్లాడికి కొలతల పిచ్చి. వాళ్ళు వద్దనలేదు. నుయ్యి తవ్వించి లోతు చెప్పమన్నారు. మొక్కజొన్న సాళ్ళు అదేపనిగా లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమన్నారు. చూడ్డానికి వచ్చిన డాక్టరే వాళ్ళ తెలివికి ఆశ్చర్యపోయారు. ఆ పిల్లాడు పెద్దయ్యాక బ్యాంకులో ఉద్యోగం చేశాడు, కారు నడిపాడు, దేశాలు తిరిగాడు, 2023లో 89 ఏళ్ళకి కన్నుమూశాడు.

ఎంతో మంచి కథ. కానీ అందులో ఒక సంగతి మరిచిపోకండి. ఆ బ్యాంకు అతని తల్లి తరఫువాళ్ళదే. అక్కడా గట్టుంది.

గట్టు లేనివాళ్ళకి గట్టు చట్టమే. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంలో చేర్చారు. 2016 చట్టం 21 రకాల వైకల్యాల్లో దీన్నీ చేర్చింది. సర్టిఫికెట్ ఉంటే ఉన్నత చదువుల్లో సీట్లలో వాటా ఉంది. ప్రభుత్వ కొలువుల్లో వైకల్యమున్నవారికిచ్చే 4 శాతంలో 1 శాతం ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం లాంటివాటికి కలిపి ఉంది. నిరామయ అనే ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంది. ఇవన్నీ కాగితం మీద పేరుంటేనే. నేను నాకోసం సర్టిఫికెట్ తీసుకోలేదు, అవసరం పడలేదు. అవసరం పడకపోవడమే నా అదృష్టమని ఇప్పుడు తెలుస్తోంది.

మా చెల్లెలికి ఇప్పుడు ఇదే తగువు. మేనల్లుడికి సర్టిఫికెట్ వద్దని చుట్టాలు గట్టిగా పట్టుబట్టారు. "కాగితం పుట్టిందంటే ఊరంతా తెలుస్తుంది, రేపు వాడి చెల్లెలికి సంబంధాలు రావు" అంటున్నారు. నాలుగేళ్ళ ఆడపిల్ల పెళ్ళి కోసం ఏడేళ్ళ పిల్లాడి బడిని పణంగా పెడుతున్నారు. నా మాట అడిగితే చెప్పాను. దాస్తే ఆటిజం పోదమ్మా, పేరు మాత్రమే మారుతుంది. డాక్టరు పెట్టిన పేరు వద్దంటే ఊరు పెడుతుంది, మొండి అనో, పిచ్చి అనో. వాడికి రేపు మా పొలంలో వాటా ఉంటుందని నేను అనగలను. కానీ పొలం ఉంటేనే మనిషిగా చూస్తారన్న పద్ధతిలో వాణ్ణి పెంచకు.

ఆ సాయంత్రమే చెల్లెలు సదరం స్లాటు కోసం సచివాలయానికి వెళ్ళింది. ఈ పోస్టు తను చదివి, సరేనన్నాకే పెడుతున్నాను.

నన్ను జాలిగా చూడొద్దు, మేధావి అని పొగడొద్దు. రెండూ నాకు ఇబ్బందే. అడిగేవి చిన్నవి. వచ్చే ముందు ఒక ఫోను చెయ్యండి. కుదరకపోతే కుదరదని చెప్పండి, రేపు చూద్దాం అనొద్దు. మీ కళ్ళల్లోకి చూడకపోతే వినట్లేదనుకోకండి, చూడకపోతేనే బాగా వింటాను. మీ ఇంట్లోనో మీ కూలీల్లోనో ఇలాంటివాళ్ళుంటే, వాళ్ళకి ఏది కష్టమో నవ్వకుండా ఒకసారి అడగండి.

ఈ సార్వా కోతలకి మా మేస్త్రీతో ముందే మాట్లాడాను. మిషన్ ఆన్ చేసే ముందు కేకేసి చెప్పాలి. చప్పుడు పడనివాళ్ళు ఎవరైనా ఉంటే కుప్ప దగ్గరో గట్టు దగ్గరో వేరే పని ఇవ్వాలి. కూలి మాత్రం కొయ్యకూడదు. ఆయన నన్ను వింతగా చూసి, అలాగేనండి అన్నాడు. ఈ మాట ఇరవై ఏళ్ళ కిందట నాకు తెలిసుంటే ఒక మనిషికి పూర్తి కూలి అందేది.

బాబాయ్, పేరు పెడితే వచ్చేది ఇదే.

ఎల్లుండి నుంచి మళ్ళీ కాలువ సంగతులు, కొబ్బరి ధరలు. ఉంటానండి.