ఒక్క ఏడాది ముందు వెళ్లినవాళ్లు

బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇంట్లో మొదట వినపడే ప్రశ్న మీ అందరికీ తెలుసు: "అక్కడ మనకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" క్వార్టర్ ఎలా ఉంటుంది, బడి ఎంత దూరం అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు. మా ఇంట్లోనూ అంతే. కొన్నేళ్లలోనే చాలా ఊళ్లు మారాం. పాలు ఎవరు పోస్తారో, కొళాయి ఎన్నింటికి వస్తుందో, ఏ కొట్టులో మన బియ్యం దొరుకుతాయో ప్రతి ఊళ్లోనూ మాకు చెప్పింది మాకంటే ఏడాది ముందు అక్కడికి చేరిన ఇంకో కుటుంబమే.

ఇప్పుడు మా పాత విద్యార్థులు ఇదే ప్రశ్నను అమెరికాకో బ్రిటన్‌కో జర్మనీకో వెళ్లబోతూ అడుగుతున్నారు. 2023-24 విద్యాసంవత్సరంలో అమెరికా విద్యాసంస్థల్లో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది ఉన్నారు. ఆ ఏడాది అక్కడున్న విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లదే మొదటి స్థానం. అందులో తెలుగువాళ్లు ఎందరో తెలుసుకోవాలంటే ఆగస్టు నెలలో ఒక రాత్రి హైదరాబాదు విమానాశ్రయం బయట నిలబడితే చాలు. ఒక్కొక్కరికి రెండేసి పెద్ద పెట్టెలు, చుట్టూ పదిమంది బంధువులు, ఆవకాయ డబ్బా ఉంచాలా తీసేయాలా అని చివరి నిమిషపు వాదన.

ఆ విమానం దిగాక వాళ్లకు ఎవరు ఆసరా? విశ్వవిద్యాలయాల్లో విదేశీ విద్యార్థుల కోసం ప్రత్యేక కార్యాలయం ఉంటుంది. పరిచయ కార్యక్రమాలు పెడతారు, కాగితాలిస్తారు. అవన్నీ అవసరమే. అయినా కొత్తవాడికి నిజంగా పనికొచ్చేది తనకంటే ఏడాది ముందు వచ్చిన తోటి విద్యార్థేనని మేము గట్టిగా నమ్ముతాం. అయితే ఆ సాయం వాణ్ని నలుగురిలోకి నడిపించేదిగా ఉండాలి. ఒక గదిలో కూర్చోబెట్టేది సాయం కాదు.

ఇది కొత్త మాటేమీ కాదు. 1888లో, పంతొమ్మిదేళ్లు నిండబోతుండగా ఒక గుజరాతీ కుర్రవాడు లా చదవడానికి లండన్ వెళ్లాడు. ఓడలో ఉన్నన్నాళ్లూ ఎవరితోనూ మాట్లాడలేక ఎక్కువగా తన గదిలోనే ఉండిపోయాడు. సెప్టెంబరు చివర తెల్లని ఫ్లానెల్ బట్టలు వేసుకుని దిగి చూస్తే, ఆ రంగు బట్టల్లో ఉన్నది తానొక్కడే. మోహన్‌దాస్ గాంధీ తన ఆత్మకథలో ఇవన్నీ దాచకుండా రాశారు. రాత్రిళ్లు ఇల్లు గుర్తొచ్చి కన్నీళ్లు ఆగేవి కావట. అప్పటికే అక్కడున్న డాక్టర్ ప్రాణ్‌జీవన్ మెహతా హోటల్‌కి వచ్చి చూశారు. మాట్లాడుతూ మాట్లాడుతూ గాంధీ ఆయన టోపీని చేత్తో నిమిరి, దాని నూగును చెదరగొట్టాడు. మెహతా అక్కడికక్కడే పాఠం మొదలుపెట్టారు: ఇతరుల వస్తువులు ముట్టుకోకు, గట్టిగా మాట్లాడకు, మొదటి పరిచయంలోనే మన ఊళ్లో అడిగినట్టు ప్రశ్నలు వేయకు.

మెహతా చేసిన రెండో పని మాకు ఇంకా నచ్చుతుంది. గాంధీని తన వెంటే తిప్పుకోలేదు. ఇంగ్లండు దాకా వచ్చి విడిగా గదిలో ఉంటే ఏం లాభం, ఒక ఆంగ్ల కుటుంబంలో ఉండి వాళ్ల జీవితం చూడాలి అన్నారు. దానికి ముందు కొన్నాళ్లు అలవాటు పడడానికి రిచ్‌మండ్‌లో ఒక మిత్రుడి దగ్గర ఉంచారు. ఆ మిత్రుడు సొంత తమ్ముడిలా చూసుకుని ఇంగ్లీషులో మాట్లాడటం అలవాటు చేశాడు. ముందు ఒక మెత్తటి చోటు, ఆ తర్వాత బయటి ప్రపంచం. గాంధీ చదువు ముగించుకుని దక్షిణాఫ్రికా వెళ్లాక లండన్ వెళ్లే భారతీయ విద్యార్థుల కోసం ఒక మార్గదర్శిని రాశారు. ఏ బట్టలు పట్టుకెళ్లాలి, శాకాహారం ఎక్కడ దొరుకుతుంది, వారానికి ఒక పౌనుతో ఎలా బతకవచ్చు అన్న వివరాలతో సహా. అది ఆయన జీవితకాలంలో అచ్చుకాలేదు. తర్వాత ఆయన సంపూర్ణ రచనల్లో చేరింది.

ఇప్పటి లండన్‌లోనైనా డల్లాస్‌లోనైనా కష్టాలు ఆ జాతివే. మొదటి వారంలో సీనియర్లు విమానాశ్రయానికి వచ్చి తీసుకెళ్తారు. గది దొరికేదాకా నేల మీద ఒక పరుపు ఇస్తారు. సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా, బస్సు పాసు, బట్టలు ఉతికే యంత్రంలో ఏ మీట నొక్కాలి అన్నవన్నీ చూపిస్తారు. ఇవి ప్రొఫెసరును అడగలేం. "సందేహాలుంటే రండి" అని ఆయన వారంలో కొన్ని గంటలు తలుపు తెరిచి కూర్చుంటారు కానీ, ఆ గంటల్లో వెళ్లి ఏమడగాలో, పేరు పెట్టి పిలవమంటే ఎలా పిలవాలో మనవాళ్లకు తెలియదు. పన్నెండేళ్లు టీచరు గారు లోపలికి రాగానే లేచి నిలబడ్డ పిల్లలు మరి! "పద, మొదటిసారి నేనూ వస్తాను" అనే ఒక్క తోడు ఉంటే ఆ గుమ్మం దాటేస్తారు.

ఇంతవరకూ బాగానే ఉంది. పేచీ ఆ తర్వాత వస్తుంది. నలుగురైదుగురు తెలుగువాళ్లు ఒక అపార్ట్‌మెంట్ తీసుకుంటారు. రైస్ కుక్కర్, పప్పు, తెలుగు సినిమా, తెలుగు మాట. మేము తెలుగు చెప్పేవాళ్లం, తెలుగు వినపడితే మాకు సంతోషం కాక ఇంకేముంటుంది? కానీ రెండేళ్లు అక్కడ చదివి ఒక్క కొరియా విద్యార్థితోనో ఒక్క అమెరికన్‌తోనో కలిసి భోంచేయకుండా తిరిగొచ్చిన కుర్రవాణ్ని చూసినప్పుడు ఆ సంతోషం సగమైంది.

ఇంకో రకం సాయం మరీ ప్రమాదం. "నా కిందటేడాది అసైన్‌మెంట్ ఇదిగో, చూసి రాసుకో" అంటాడు సీనియర్. మన దగ్గర నోట్సు ఇచ్చిపుచ్చుకోవడం స్నేహం. అక్కడ ఇతరుల పని తనదిగా చూపడం పెద్ద నేరం, చదువే ఆగిపోవచ్చు. విద్యార్థి వీసాపై తరగతులు జరిగే రోజుల్లో అమెరికాలో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. బయట పని అనుమతి లేకుండా చేయకూడదు. "ఎవరికీ తెలియదులే, మేమంతా చేశాం" అని చెప్పేదీ తోటివాడే.

మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ పేరుతో నడిచిన విశ్వవిద్యాలయం సంగతి ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అందులో తరగతులూ లేవు, పాఠాలూ లేవు. వీసా మోసాలను పట్టుకోవడానికి అక్కడి ప్రభుత్వ అధికారులే పన్నిన వల అది. 2019 జనవరి చివర బయటపడింది. వందమందికి పైగా భారతీయ విద్యార్థులను నిర్బంధించారు, వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. డబ్బు తీసుకుని విద్యార్థులను అందులో చేర్పించారన్న ఆరోపణపై అరెస్టయిన ఎనిమిదిమందీ మన మనుషులే. వల పన్నిన తీరు న్యాయమా అన్న చర్చ వేరు. "మనవాడు చెప్పాడు కదా" అన్న మాట మీద అంతమంది నడిచారన్నది మాత్రం మేము మరిచిపోలేం. సాయం చేస్తానన్నవాడు డబ్బు అడిగినా, ఆఫీసులో చెప్పొద్దన్నా అనుమానించాల్సిందే. మంచి సీనియర్ తనకు తెలిసింది చెబుతాడు, ఆ వెంటనే "విదేశీ విద్యార్థుల కార్యాలయంలో ఒకసారి కనుక్కో" అంటాడు.

అసలైన పరీక్ష నవంబరులో వస్తుంది. అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. న్యూయార్క్ వైపు అయితే మనకూ వాళ్లకూ తేడా పదిన్నర గంటలవుతుంది, సాయంత్రం ఐదు కాకముందే చీకటి. అమ్మ వీడియో కాల్‌లో "తిన్నావా?" అంటుంది. "తిన్నానమ్మా, అంతా బాగుంది" అంటారు. అప్పు చేసి పంపిన ఇంటికి బాగాలేదని చెప్పడం ఎంత కష్టమో ఊహించండి. ఆ నవ్వు అబద్ధమని పట్టుకోగలిగేది పక్కగదిలోని మనిషే. 1970లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులే నైట్‌లైన్ అనే సేవ మొదలుపెట్టారు. రాత్రిపూట ఫోన్ దగ్గర ఒక విద్యార్థి ఉంటాడు, ఇంకో విద్యార్థి చెప్పింది వింటాడు. పేరు అడగడు, తీర్పు చెప్పడు. తర్వాత అది ఎన్నో విశ్వవిద్యాలయాలకు పాకింది. వినడానికి డిగ్రీ అక్కర్లేదు. కానీ ఎదుటివాడు రోజుల తరబడి తిండి మానేసినా, బతకాలని లేదన్నా అది స్నేహితుడు ఒక్కడే మోయాల్సిన బరువు కాదు. అప్పుడు వెంటబెట్టుకుని కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లాలి. అమెరికాలో 988, మన దేశంలో టెలి మానస్ 14416 అందుకే ఉన్నాయి.

ఇదంతా మీకెందుకు చెబుతున్నాం? ఈ పని మీకు ఇప్పటికే సగం వచ్చు కాబట్టి. మూడో తరగతి అస్సాంలో, ఆరు రాజస్థాన్‌లో, తొమ్మిది ఇక్కడ చదివినవాళ్లకు కొత్త తరగతి గుమ్మంలో నిలబడ్డప్పుడు కడుపులో ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? పైగా విదేశీ విద్యార్థి అంటే ఎప్పుడూ మనమే కానక్కర్లేదు. మన దేశానికి చదువుకోసం వచ్చేవాళ్లలో అందరికంటే ఎక్కువమంది నేపాల్ నుంచి వస్తారు. సార్క్ దేశాలు కలిసి స్థాపించిన దక్షిణాసియా విశ్వవిద్యాలయం 2010 నుంచి ఢిల్లీలో నడుస్తోంది. హైదరాబాదు, విశాఖ క్యాంపస్‌లలో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు చదువుతున్నారు. వాళ్లు అద్దె ఇంటి కోసం ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగుతారో, వీధిలో ఎలాంటి చూపులు పడతాయో రేపు కాలేజీకి వెళ్లాక మీరే చూస్తారు. వాళ్లకు ఏడాది ముందు నుంచి ఉన్నవాళ్లు మీరే అవుతారు.

మా తెలుగు విభాగం తరపున ఒక ప్రతిపాదన. కిందటేడాది ఈ బడిలో చేరినవాళ్లు, ఈ ఏడాది చేరబోయేవాళ్ల కోసం ఒక పేజీ రాయండి. ఏ మాతృభాషవాళ్లయినా సరే, తెలుగు రాని వాళ్లు తమ భాషలో రాసిస్తే పక్కనున్న తెలుగు స్నేహితులు మార్చి పెట్టవచ్చు. క్యాంటీన్‌లో ఏది బాగుంటుంది, ఏ బస్సు ఆలస్యంగా వస్తుంది, వానొస్తే సైకిల్ ఎక్కడ పెట్టాలి, మొదటి వారం భోజనాల గంటలో ఒంటరిగా కూర్చున్నప్పుడు ఎవరు పిలిచారు, ఏమని పిలిచారు. పేర్లు రాయనక్కర్లేదు. వేసవి సెలవుల ముందు మాకు అందిస్తే కొత్త అడ్మిషన్లు మొదలయ్యేలోగా అచ్చువేయించి పెడతాం.